ప్రాసెసర్‌ను తినేస్తున్నది ఎవరు?

ముంబైలోని కామాఠీపురా చాల్‌లో వంట, పడక, పిల్లల చదువు అన్నీ ఒకే ఖోలీలో. అలాంటి చోట విండోస్ బరువు మొయ్యలేని పాత కంప్యూటర్‌కు లైనక్స్ వేసుకుంటే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. ఏ పనీ చెయ్యకుండానే ఫ్యాన్ హోరెత్తుతూ, మౌస్ బాణం తడబడుతుంటే టెర్మినల్‌లో 'టాప్' అని కొట్టి, ప్రాసెసర్‌ను ఏది ఎంత వాడుతోందో చూడండి. అన్నిటికన్నా పైన 'ఎక్స్‌ఆర్గ్' కనిపిస్తే తొందరపడి దాన్ని చంపకండి. అది ఆగితే తెరిచిన కిటికీలన్నీ మూసుకుపోతాయి, సేవ్ చెయ్యని పని పోతుంది.

ఎక్స్‌ఆర్గ్ తెర మీద బొమ్మ గీసే డిస్‌ప్లే సర్వర్. దాని మూలమైన ఎక్స్ విండో 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. నేటికీ వాడుతున్న 11వ రూపం 1987 నాటిది. బొంబాయి కట్టడాల్లో చెమటోడ్చి, ఈ పేటకు తమ పేరిచ్చిన తెలుగు కామాఠీల్లాగే, అదీ ఎవరో పురమాయించిన పనే చేస్తుంది. బ్రౌజర్‌లో కదిలే ప్రకటన సెకనుకు 60 సార్లు గీయమంటే గీస్తుంది. లెక్క మాత్రం దాని ఖాతాలో పడుతుంది.

అందుకే ముందు పురమాయించిన వాళ్లను పట్టుకోవాలి. ప్రోగ్రాములు ఒక్కొక్కటే మూస్తూ, టాప్‌లో ఎక్స్‌ఆర్గ్ అంకె ఎప్పుడు పడిపోతుందో గమనించండి.

అన్నీ మూసినా తగ్గలేదా? అప్పుడు అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీదే. 'జీఎల్ఎక్స్ఇన్ఫో' ఆదేశమిస్తే రెండరర్, అంటే బొమ్మను నిజంగా గీస్తున్న దాని పేరు చెబుతుంది. అక్కడ 'ఎల్ఎల్‌వీఎంపైప్' అని ఉంటే గ్రాఫిక్స్ చిప్ ఖాళీగా కూర్చుంది, దాని చాకిరీ కూడా ప్రాసెసరే చేస్తోంది. తరచుగా కనిపించే కారణం ఒకటుంది. లైనక్స్ ఎక్కించేటప్పుడు తెర నల్లబడితే బూట్ వరుసలో 'నోమోడ్‌సెట్' అని చేర్చి, ఆ తర్వాత తియ్యడం మరిచిపోతారు. అది తీసేసి మళ్లీ ఆన్ చెయ్యండి. అప్పటికీ కుదరకపోతే ఎక్స్‌ఆర్గ్ లాగ్ తెరిచి, 'ఈఈ' గుర్తున్న వరుసలు చదవండి. తప్పులు రాసి ఉండేది అక్కడే.

తెలుగు ఫాంట్ల వల్లే ఈ బరువని కొందరు వాటిని తీసేస్తుంటారు. అది అన్యాయం. ఒకప్పుడు ఇదే ముంబైలో, జుహూలోని ఎన్‌సీఎస్‌టీ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ 'ఇండిక్స్' పేరుతో ఎక్స్ విండో పొరలోనే భారతీయ లిపులను ఇమిడ్చే పని చేసింది. ఇప్పుడు ఒత్తులు, గుణింతాలు కూర్చే పని ఆయా ప్రోగ్రాముల్లోనే 'హార్ఫ్‌బజ్' అనే లైబ్రరీ చేస్తోంది. ఆ శ్రమ ఆ ప్రోగ్రాముల లెక్కలో పడుతుంది గానీ ఎక్స్‌ఆర్గ్ లెక్కలో కాదు.

కొత్త గ్రాఫిక్స్ కార్డు కోసం పక్కనే ఉన్న లామింగ్టన్ రోడ్డుకు వెళ్లే ముందు, దయచేసి ఆ రెండరర్ పేరు ఒక్కసారి చూడండి.