మీకు తెలుసా? మీటరు దాచింది టైరు చెబుతుంది

కారు టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2320 అంటే ఆ టైరు 2020లో 23వ వారంలో తయారైందని. మీరు కొనబోయే 2017 కారు మీటరు 20,000 కిలోమీటర్లే చూపిస్తూ, నాలుగు టైర్లూ 2020వైతే, అంత తక్కువ దూరానికే టైర్లన్నీ ఎందుకు మార్చారని అమ్మేవాళ్లని గట్టిగా అడగండి. బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయినా అనుమానించాల్సిందే.

అలాగని లక్ష కిలోమీటర్లు దాటిన ప్రతి బండినీ కొట్టిపారేయొద్దు. అర్ధవీడు చుట్టూ మట్టిదారుల్లో గతుకులు తిన్న 50,000 కంటే, సర్వీసు తప్పకుండా హైవే మీద నడిచిన 1,20,000 చాలాసార్లు నయం. మార్కాపురం పలకల గనుల వైపు తిరిగిన బండైతే ఎయిర్ ఫిల్టర్ విప్పించి చూడండి. బేరం కుదిరేలోపు గిద్దలూరు–నంద్యాల ఘాట్ ఎక్కించండి. ఇంజను వేడెక్కినా, నీలిపొగ వచ్చినా పెద్ద ఖర్చు పొంచి ఉన్నట్టే. నీలిపొగంటే ఇంజనాయిలు కాలుతోందని.

టైమింగ్ బెల్టున్న ఇంజనైతే బెల్టు మార్చిన బిల్లు చూపించమనండి. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే అది తీయించాకే యాజమాన్య బదిలీకి వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకోండి.