గోదావరి నదీముఖ మడ అడవుల పునరుద్ధరణ

గోదావరి నదీముఖ మడ అడవుల పునరుద్ధరణ అనునది ఆంధ్ర ప్రదేశ్ తీరంలో గోదావరి సముద్రంలో కలిసే ప్రాంతమున క్షీణించిన మడ అడవులను తిరిగి పెంచుటకు చేపట్టిన కార్యక్రమము. 1990వ దశకంలో ఒక స్వచ్ఛంద పరిశోధనా సంస్థ చొరవతో రూపుదిద్దుకొన్న ఈ పని, తరువాతి కాలంలో ప్రభుత్వ సారథ్యంలోకి వచ్చింది.

భౌగోళిక స్వరూపము

మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టిన గోదావరి సుమారు 1,465 కి.మీ. ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ధవళేశ్వరం దిగువన ఇది గౌతమి, వసిష్ఠ అను రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. గౌతమి నుండి విడివడిన కోరంగి, గాడేరు పాయలు కాకినాడ అఖాతంలోకి పోతాయి. నదీజలము, సముద్రజలము కలిసే ఈ ఉప్పు బురద నేలలే మడ అడవులకు ఆవాసము. తెల్లమడ, నల్లమడ, తిల్ల, పొన్న ఇక్కడి ముఖ్యమైన చెట్లు. బావురుపిల్లులు, నీటికుక్కలు ఈ అడవులలో నివసిస్తాయి. రొయ్యలు, పీతలు, అనేక రకాల చేపల పిల్లలు చెట్ల వేళ్ళ మధ్య పెరుగుతాయి. కనుక మడ అడవి తరిగితే మత్స్యకారుల వలలోని చేప కూడా తరుగుతుంది.

1978లో ఇక్కడ 235.70 చ.కి.మీ. విస్తీర్ణంలో కోరంగి వన్యప్రాణి అభయారణ్యము ఏర్పడింది. పూర్వము తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న కోరంగి గ్రామము 2022 ఏప్రిల్ 4 నుండి కాకినాడ జిల్లాలో ఉన్నది.

క్షీణతకు కారణములు

గతంలో మడ అడవులను కూపులుగా విభజించి, వంతులవారీగా పూర్తిగా నరికించే పద్ధతి ఉండేది. నీడ పోయిన నేల ఎండకు కుంగి పళ్ళెము వలె పల్లమగును. పోటు సమయంలో లోపలికి వచ్చిన నీరు ఆటు సమయంలో బయటికి పోలేక, అక్కడే ఆవిరై ఉప్పును మిగుల్చును. ఉప్పు పెరిగిన నేలలో విత్తనము మొలకెత్తదు. వంటచెరకు కొరకు కొట్టుట, పశువుల మేత కూడా నష్టము కలిగించాయి. 1990వ దశకంలో రొయ్యల చెరువులు తీరమంతటా విస్తరించగా, 1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు తీర నియంత్రణ మండలిలో అట్టి చెరువులపై ఆంక్షలు విధించింది.

పునరుద్ధరణ విధానము

చెన్నై లోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ 1990వ దశకం ద్వితీయార్ధములో ఇండియా-కెనడా పర్యావరణ నిధి సహాయంతో తమిళనాడు, ఆంధ్ర ప్రదేశ్, ఒడిషా తీరాలలో మడ అడవుల పథకాన్ని చేపట్టింది. ఇందులోని ప్రధాన సూత్రము సులభమైనది. చచ్చిన నేలలో ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు త్రవ్వుతారు. పైనుండి చూస్తే ఇది చేపముల్లు వలె కనబడుతుంది. ఆటుపోట్ల నీరు వచ్చిపోతూ నేలలోని ఉప్పును కడిగివేస్తుంది. ఆ తరువాత మడ మొక్కలు నాటుతారు. కాలువలు పూడిపోకుండా పూడిక తీయించుట ఇందులో నిరంతరము చేయవలసిన పని. అటవీ శాఖ, గ్రామ సంఘాలు, పరిశోధనా సంస్థ ముగ్గురూ కలిసి పనిచేయుటను ఉమ్మడి మడ అడవుల యాజమాన్యము అన్నారు.

ప్రభుత్వ సారథ్యము

అభయారణ్యముపై చట్టరీత్యా అధికారము అటవీ శాఖదే. నిధుల గడువు ముగిసిన తరువాత స్వచ్ఛంద సంస్థ వైదొలగవచ్చును గాని, శాఖ వైదొలగుటకు వీలులేదు. అదీగాక నదీముఖమున ఓడరేవు, చమురు-సహజవాయు పరిశ్రమలు, చేపలవేట, ఆక్వా సాగు కలిసి ఉన్నవి. వీటన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టగలిగినది ప్రభుత్వమే.

ఈ ఉద్దేశముతో 2010వ దశకంలో ప్రపంచ పర్యావరణ నిధి, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమముల సహకారంతో తూర్పు గోదావరి నదీముఖ పర్యావరణ పథకము నడిచింది. దీని కొరకు రాష్ట్ర ప్రభుత్వము ఈగ్రీ ఫౌండేషన్ అను సంస్థను ఏర్పాటు చేసింది. 2023లో కేంద్ర ప్రభుత్వము 9 రాష్ట్రాలు, 4 కేంద్రపాలిత ప్రాంతాలలో సుమారు 540 చ.కి.మీ. మడ అడవులను పెంచుటకు మిష్టి పథకాన్ని ప్రారంభించింది. 2021 నాటి భారత అటవీ స్థితి నివేదిక ప్రకారము దేశంలో 4,992 చ.కి.మీ., ఆంధ్ర ప్రదేశ్‌లో 405 చ.కి.మీ. మడ అడవులు కలవు.

అయితే శాఖ సారథ్యములో ఒక చిక్కు ఉన్నది. అభయారణ్యములో నిషేధాలను అమలు చేసే శాఖయే, ఆ అడవిపై ఆధారపడిన గ్రామస్థుల సహకారాన్నీ కోరవలసి వస్తుంది. పర్యావరణ అభివృద్ధి కమిటీలు ఈ రెండింటి మధ్య వారధిగా ఉద్దేశింపబడినవి. వంటచెరకుకు, జీవనోపాధికి ప్రత్యామ్నాయము చూపినచోటనే నాటిన మొక్క నిలుస్తుంది.

ఎగువ నదితో సంబంధము

నదీముఖము స్థితి ఎగువనే నిర్ణయమవుతుంది. భద్రాచలానికి ఎగువన, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దుమ్ముగూడెం వద్ద 19వ శతాబ్దంలో పడవల రాకపోకల కొరకు ఆనకట్ట కట్టారు. ఆ నౌకాయాన పథకాన్ని ప్రభుత్వము 1871లో విరమించుకొన్నది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. 20వ శతాబ్దంలో పరీవాహక ప్రాంతమంతటా జలాశయాలు పెరిగాయి. అధ్యయనాల ప్రకారము 1971-79 మధ్య ఏటా సుమారు 15 కోట్ల టన్నులున్న ఒండ్రు, 1990-98 నాటికి సుమారు 5.7 కోట్ల టన్నులకు తగ్గింది. ఒండ్రు తగ్గితే డెల్టా అంచు కోతకు గురవుతుంది. కాలువలు త్రవ్వి మొక్కలు నాటుట అటవీ శాఖ చేయగలదు గాని, ఒండ్రును, మంచినీటిని దిగువకు వదలుట నీటిపారుదల శాఖల చేతిలోనిది. అందుచేత నదీముఖ పునరుద్ధరణ ఒక్క శాఖ సారథ్యముతో పూర్తయ్యే పని కాదు.

ఇవి కూడా చూడండి

కోరంగి
మడ అడవులు
గోదావరి నది
ధవళేశ్వరం
దుమ్ముగూడెం