మీ కంప్యూటరు ఎక్కడ ఆగుతోంది?

సంక్రాంతి రోజుల్లో మా అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్ళకు వెళితే బెల్లం వండే వాసన ఎదురొస్తుంది. గానుగలో చెరకు నలుగుతుంది. రసం పెద్ద పెనంలోకి చేరుతుంది. కింద పొయ్యిలో చెరకు పిప్పి మండుతూ ఉంటుంది. రసం చిక్కబడి పాకం వచ్చాక దాన్ని దిమ్మలుగా పోస్తారు.

ఇప్పుడు మీకో ప్రశ్న. గానుగ ఆడే రసం రెండు పెనాలకు సరిపోతుంది. కాని ఉన్నది ఒకే పెనం. బెల్లం తొందరగా తయారు కావాలని ఆ రైతు ఇంకో గానుగ కొన్నాడనుకోండి. ఏమవుతుంది?

ఏమీ కాదు! రసం మరికాస్త ఎక్కువగా నిలవ ఉండి పులుస్తుంది, అంతే. పని ఎంత వేగంగా సాగుతుందో తేల్చేది అన్నిటికన్నా చురుకైన భాగం కాదు, అన్నిటికన్నా నిదానమైన భాగం. ఇంట్లో కంప్యూటరు సంగతీ సరిగ్గా ఇంతే.

ఈ మధ్య మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె దిగులుగా వచ్చింది. "మాస్టారూ, మా కంప్యూటరు పాతబడిపోయిందట. ప్రాసెసరు పనికిరాదట. అక్క ఇంజనీరింగు కౌన్సెలింగుకి ఆప్షన్లు పెట్టుకోవాలి. కొత్తది కొనడానికి నాన్న అప్పు చేస్తానంటున్నాడు" అంది. అప్పు చేసేముందు ఒక్కరోజు ఆగమన్నాను. తప్పు గానుగదో, పెనానిదో ముందు తేల్చాలి కదా!

మూడు భాగాలు, మూడు దూరాలు

కంప్యూటరులో ముఖ్యంగా మూడు భాగాలను గుర్తుపెట్టుకోండి. లెక్కలు కట్టేది ప్రాసెసరు. ఇప్పుడు చేస్తున్న పనికి కావలసిన సమాచారాన్ని ఉంచుకునే చోటు ర్యాము. ఇది మీరు చదువుకునే బల్లలాంటిది. కరెంటు పోతే దానిమీద ఉన్నవన్నీ చెరిగిపోతాయి. అన్నిటినీ శాశ్వతంగా దాచిపెట్టే బీరువా డిస్కు.

3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు గడియారం సెకనుకు 300 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ఒక్క దెబ్బకు మరో దెబ్బకు మధ్య కాంతి కూడా 10 సెంటీమీటర్లకు మించి పోలేదు. కాంతి వేగం మీకు తెలిసిందే, లెక్కకట్టి చూడండి.

ఇంత చురుకైన ప్రాసెసరు సమాచారం కోసం ఎంతసేపు ఎదురుచూడాలి? ర్యాము నుంచి అయితే సుమారు 100 నానోసెకన్లు. నానోసెకను అంటే సెకనులో వందకోట్లవ వంతు. ఎస్.ఎస్.డి. అనే కొత్తరకం డిస్కు నుంచి అయితే సుమారు 100 మైక్రోసెకన్లు. పాతరకం హార్డ్ డిస్కు నుంచి అయితే సుమారు 10 మిల్లీసెకన్లు.

ఈ అంకెలు మన ఊహకు అందవు. కనుక ర్యాముకు పట్టే కాలాన్ని ఒక్క సెకను అనుకుందాం. అప్పుడు ఎస్.ఎస్.డి.కి సుమారు 17 నిమిషాలు పడుతుంది. హార్డ్ డిస్కుకో? దాదాపు 28 గంటలు! బల్లమీది పుస్తకం అందుకోవడం మొదటిది. పక్క వీధి దుకాణానికి వెళ్ళి రావడం రెండోది. ఒక పగలు, ఒక రాత్రి దాటి రైల్లో ప్రయాణించడం మూడోది.

హార్డ్ డిస్కు ఎందుకింత ఆలస్యం చేస్తుంది? దానిలో ఒక పళ్ళెం నిజంగానే గిరగిరా తిరుగుతుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్ళేనికి ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు కావాలి. మనకు కావలసిన చోటు తిరిగి వచ్చేదాకా సగటున అరచుట్టు ఆగాలి. చదివే చేయి అటూ ఇటూ జరగడానికి ఇంకొంత కాలం. ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగాలే లేవు. అతిచిన్న గదుల్లో విద్యుదావేశం రూపంలో సమాచారం నిలుస్తుంది.

మరో సంగతి. బల్ల నిండిపోతే మీరేం చేస్తారు? అవసరం లేనివాటిని బీరువాలో పెట్టి, కావలసినవి తెచ్చుకుంటారు. ర్యాము నిండినప్పుడు కంప్యూటరూ అదే చేస్తుంది. ప్రతిసారీ బీరువా దాకా నడకే! అందుకే రెండు మూడు ప్రోగ్రాములు తెరవగానే కొయ్యబారిపోతుంది.

మన తెలుగువారు చెప్పిన మూడు 'మ'లు

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు 1994లో ట్యూరింగు అవార్డు అందుకున్న కంప్యూటరు శాస్త్రవేత్త. 1980ల తొలినాళ్ళలో ఆయన, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన సహచరులు, ఒక మనిషి వాడుకునే మంచి కంప్యూటరు ఎలా ఉండాలో ఒక లక్ష్యం పెట్టుకున్నారు. ఒక మెగాబైటు జ్ఞాపకశక్తి, ఒక మెగాపిక్సెలు తెర, సెకనుకు ఒక మిలియన్ ఆదేశాలు నడిపే వేగం. దానికి 'త్రీ ఎం' కంప్యూటరు అని పేరు వచ్చింది. నేడు ఫోనుతో తీసిన ఒక్క ఫోటోయే తరచు మెగాబైటు దాటుతుంది. అయినా అందులోని పాఠం పాతబడలేదు. చూడండి, వారు ఒక్క అంకె చెప్పలేదు, మూడు చెప్పారు. ఒకటి పెరిగి మిగతావి వెనకబడితే లాభం లేదన్నమాట.

కొలిచి చూద్దాం

వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వడు. మనం కూడా ముందు కొలుద్దాం. మీట నొక్కినప్పటి నుంచి కంప్యూటరు పనికి సిద్ధమయ్యేదాకా ఎన్ని సెకన్లు పడుతుందో గడియారంతో చూడండి. లోలకం ప్రయోగంలోలాగే మూడుసార్లు కొలిచి సగటు తీయండి.

తరవాత విండోస్ కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కండి. టాస్క్ మేనేజరు తెరుచుకుంటుంది. ప్రాసెసరు, ర్యాము, డిస్కు ఎంత శాతం పనిలో ఉన్నాయో అందులో కనిపిస్తుంది. కంప్యూటరు నిదానించిన సమయంలో ఏది 100 దగ్గర నిలిచిపోయిందో అదే మన ఒంటి పెనం.

ఆ అమ్మాయి ఇంట్లో కంప్యూటరు సిద్ధమవడానికి 240 సెకన్లు పట్టింది. డిస్కు 100 శాతం, ర్యాము 90 శాతం దాటి ఉన్నాయి. పనికిరాదన్న ప్రాసెసరు మాత్రం 15 శాతం దగ్గర ఖాళీగా కూర్చుంది!

చిన్న లెక్క వేద్దాం. ఆ 240 సెకన్లలో 200 సెకన్లు డిస్కు కోసం ఎదురుచూపు, 40 సెకన్లు ప్రాసెసరు పని అనుకోండి. ప్రాసెసరు వేగం రెట్టింపు చేస్తే మిగిలేది 20 సెకన్లే; మొత్తం 220. డిస్కు పదిరెట్లు వేగమైతే 40, 20 కలిపి 60 సెకన్లు. అమెరికన్ కంప్యూటరు నిర్మాత జీన్ ఆమ్‌డాల్ 1967లో ఇలాంటి తర్కాన్నే ముందుపెట్టాడు.

రోగాన్ని బట్టి మందు

మొదట ఖర్చులేని మందులు. టాస్క్ మేనేజరులోనే, కంప్యూటరుతోపాటు తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. అక్కర లేనివాటిని ఆపండి. బ్రౌజరులో చదవడం అయిపోయిన పేజీలను మూసెయ్యండి. డిస్కు పూర్తిగా నిండిపోకుండా కొంత ఖాళీ ఉంచండి.

ప్రాసెసరే ఎప్పుడూ 100 దగ్గర ఉంటే, దాన్ని ఏ ప్రోగ్రాము వాడుతోందో జాబితాలో చూడండి. మీకు తెలియకుండా చొరబడ్డ వైరసు కావచ్చు. వేడి కూడా కారణం కావచ్చు. గాలి రంధ్రాలకు దుమ్ము పడితే లోపలి వేడి బయటికి పోదు. అప్పుడు ప్రాసెసరు కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. పెద్దల సమక్షంలో, ప్లగ్గు తీసేసి, మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకూడదు సుమా! ప్లగ్గు తీసినా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

ఇవి చాలకపోతే ర్యాము పెంచడం, హార్డ్ డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి. పెట్టించడం. డి.డి.ఆర్.3 ర్యాము ఉండే చోట డి.డి.ఆర్.4 పట్టదు. కొన్ని ల్యాప్‌టాపుల్లో ర్యాము బోర్డుకే అతికి ఉంటుంది, మార్చడం కుదరదు. కనుక కొనేముందు మీ కంప్యూటరు రకం చూసుకోండి. డిస్కు మార్చేముందు ఫోటోలు, కాగితాలు వేరేచోట నకలు తీసుకోవడం మరవకండి.

కొన్ని అపోహలు కూడా ఉన్నాయి. చాలామంది తెరమీద 'రిఫ్రెష్' పదే పదే నొక్కుతారు. దానివల్ల తెరమీది బొమ్మలు మళ్ళీ గీయబడతాయే గాని వేగం పెరగదు. వేగం పెంచుతామని ఊరించే ఉచిత ప్రోగ్రాములు చాలాసార్లు తామే అదనపు బరువవుతాయి. చెదిరిన ఫైళ్ళను వరసగా సర్దే 'డీఫ్రాగ్' హార్డ్ డిస్కుకే మేలు చేస్తుంది. ఎస్.ఎస్.డి.కి అది అక్కరలేదు.

ఒక్క నియమం తప్పకుండా పాటించండి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి, మళ్ళీ కొలవాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

ఆ అమ్మాయి అలాగే చేసింది. అక్కరలేని ప్రోగ్రాములు ఆపితే 240 సెకన్లు 190 అయ్యాయి. వాళ్ళ నాన్న ఎస్.ఎస్.డి. పెట్టించాక 55కి దిగాయి. తరవాత ర్యాము పెంచితే ఆ 55 మారలేదు గాని, ఎక్కువ పేజీలు తెరిచినప్పుడు కొయ్యబారడం ఆగిపోయింది. పాత ప్రాసెసరుతోనే అక్క ఆప్షన్లు పెట్టుకుంది. అప్పు అవసరం పడలేదు.

మీ ఇంట్లోనో, బడిలోనో నిదానించిన కంప్యూటరు ఉంటే ఈ ఆదివారమే కొలిచి నోటు పుస్తకంలో రాయండి. "కొత్తది కొనాలి" అని ఎవరైనా అంటే, "ఏ భాగం ఎన్ని శాతం ఉంది?" అని మీరు అడగగలగాలి.