రాయి పగిలింది, మరి ముక్కల మాటేమిటి?

"ఆపరేషన్ అయిపోయింది కదండీ, మళ్ళీ స్కానింగ్ ఎందుకు?" కిడ్నీలో రాయి తీయించుకుని వెళ్ళేవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది.

1976లో స్వీడన్ వైద్యులు వీపు దగ్గర చిన్న రంధ్రం చేసి కిడ్నీలోని రాయిని బయటికి తీశారు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో కోత లేకుండా, బయటినుంచి పంపిన తరంగాలతోనే రాయిని పగలగొట్టారు. నేడు మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి లేజర్‌తో కూడా పగలగొడుతున్నాం. అయితే రాయి పగలడం వేరు, ముక్కలన్నీ బయటికి పోవడం వేరు.

కిడ్నీ అడుగుభాగం బావి అడుగులాంటిది. అక్కడ చేరిన ముక్కలు సులభంగా పైకి రావు. 4 మిల్లీమీటర్ల లోపు ముక్కలు చాలావరకు మూత్రంతో పోతాయి. మిగిలినవి కొందరిలో మళ్ళీ పెరుగుతాయి, లేదా మూత్రనాళానికి అడ్డుపడతాయి. అందుకే ఇంటికి వెళ్ళాక ఈ జాగ్రత్తలు పాటించండి.

1. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్ళు తాగండి. ఎండలో పనిచేసేవారికి ఇంకా ఎక్కువ కావాలి. గుండెజబ్బు, కిడ్నీ బలహీనత ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి తాగాలి.

2. మంచానికే పరిమితం కాకండి. డాక్టరు చెప్పినంత మేరకు నడవండి.

3. మూత్రనాళం వదులయ్యే మాత్ర ఇస్తే మానకుండా వేసుకోండి. దానివల్ల కళ్ళు తిరగవచ్చు, కాబట్టి మెల్లగా లేవండి.

4. మూత్రాన్ని సన్నని జల్లెడలో వడకట్టి, దొరికిన ముక్కలను తీసుకురండి. అది ఏ రకం రాయో తెలిస్తే మళ్ళీ రాకుండా సలహా చెప్పగలం.

5. లోపల స్టెంట్ పెట్టి ఉంటే, చెప్పిన తేదీకి తప్పక తీయించుకోండి. నొప్పి లేదు కదా అని నెలల తరబడి వదిలేస్తే దాని చుట్టూ రాయి పేరుకుంటుంది. అప్పుడు ఇంకో ఆపరేషన్ అవసరం కావచ్చు.

6. స్కానింగ్ మానకండి. నొప్పి లేనంత మాత్రాన ముక్కలు లేవని కాదు. చిన్న ముక్కలు అల్ట్రాసౌండ్‌లో కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు సి.టి. స్కాన్ అవసరమవుతుంది.

చలిజ్వరం, భరించలేని నొప్పి, మూత్రం ఆగిపోవడం, రక్తపు గడ్డలు పడటం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి రండి.

ఇంటివారికి ఒక మనవి. స్టెంట్ తీసే తేదీ, స్కానింగ్ తేదీ ఈరోజే గోడమీది క్యాలెండర్‌లో రాసిపెట్టండి. ఒళ్ళు తేలికపడ్డాక రోగి మరచిపోవచ్చు, మీరు గుర్తుచేయండి.