పావు ఎకరం వదిలితేనే పిడికెడు తిండి!

హిజ్రీ 1263, అంటే క్రీ.శ. 1847. ఉస్మానియా సుల్తాన్ అబ్దుల్ మజీద్ ఐర్లండ్ కరువు బాధితులకు 1000 పౌండ్లు పంపించారు. ఆ దేశాన్ని ఏలుతున్న విక్టోరియా రాణి ఇచ్చిన విరాళం 2000 పౌండ్లు. సుల్తాన్‌కు ఆ క్రైస్తవ ప్రజలతో చుట్టరికమూ లేదు, ఇరుగుపొరుగూ కాదు. ఐర్లండ్ ప్రముఖులు సంతకాలు చేసి ఆయనకు కృతజ్ఞతా పత్రం పంపారు. (సుల్తాన్ ధాన్యపు ఓడలు కూడా పంపారని ద్రోగెడా పట్టణంలో చెప్పుకుంటారు. దానికి గట్టి ఆధారం లేదు కనుక ఆ మాట పక్కన పెడదాం.)

ఇస్తాంబుల్ దాకా వినిపించిన ఆ ఆకలికి కారణం తెగులు ఒక్కటేనా? 1845లో ఆలుగడ్డ పంట కుళ్ళిపోయిన మాట నిజం. పేదలకు పూటపూటా అదే తిండి. కానీ పొలం వారిది కాదు. భూస్వాములు చాలామంది ఇంగ్లాండులో ఉండి కౌలు వసూలు చేసుకునేవారు. రైతు పండించిన ధాన్యం, పెంచిన పంది కౌలు కిందికే పోయేవి. ఆలుగడ్డ పోయినా కౌలు పోలేదు. కరువులోనూ ఓట్స్ ధాన్యం, వెన్న, పశువులు ఓడలెక్కి ఇంగ్లాండుకు వెళుతూనే ఉన్నాయి. బయటి నుంచి మొక్కజొన్న వచ్చింది గాని, కొనేందుకు పేదల దగ్గర డబ్బేదీ?

సహాయం ఖర్చును అదుపు చేసిన అధికారి చార్లెస్ ట్రెవెల్యాన్. ప్రభుత్వం ఎక్కువగా ఆదుకుంటే జనం సోమరులవుతారని ఆయన నమ్మకం. ఈయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. నాటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆయన పాలనలోనివే.

1847లో మరో చట్టం వచ్చింది. పావు ఎకరం, అంటే 25 సెంట్లకు మించి భూమి చేతిలో ఉన్నవారికి ప్రభుత్వ సహాయం లేదు. తిండి కావాలంటే కౌలు భూమి వదులుకోవాలి! ఉండే ఇల్లు, బతుకుతెరువు పనిముట్లు అమ్ముకున్నాకే జకాత్‌కు రమ్మని మన ఫిఖహ్ ఏ పేదవానికీ చెప్పదు. పైగా చిన్న కమతాల మీద పేదల పన్ను భూస్వామే కట్టాలి. రైతును వెళ్ళగొడితే ఆ భారం తప్పుతుంది. ఇళ్ళ పైకప్పులు పీకించారు. కొందరు భూస్వాములు ఓడ చార్జీలిచ్చి మరీ సాగనంపారు.

ఆ ఓడలకు 'శవపేటికలు' అని పేరుపడింది. జ్వరాలతో దారిలోనే ఎందరో పోయారు. కెనడాలోని గ్రోస్ ఐల్ దీవిలో 1847 ఒక్క ఏడాదే వేల మందిని పూడ్చారు. 1841లో 82 లక్షలకు చేరువైన ఐర్లండ్ జనాభా 1851కి సుమారు 65 లక్షలకు పడిపోయింది. దాదాపు 10 లక్షల మంది చనిపోగా, అంతకు తగ్గకుండా వలసపోయారు.

కరువు తీరాక కూడా ప్రయాణాలు ఆగలేదు. కమతం ఒక్క కొడుక్కే దక్కేది. మిగతా బిడ్డలకు దారి అమెరికాయే. బయలుదేరే ముందు రాత్రి ఇరుగుపొరుగు ఆ ఇంట చేరి, చావు ఇంట్లో మాదిరి తెల్లవార్లూ మేలుకునేవారు. వెళ్ళినవారు తిరిగి రారని అందరికీ తెలుసు. కొన్నాళ్ళకు అమెరికా నుంచి ఉత్తరం వచ్చేది. న్యూయార్కులోనో బోస్టన్‌లోనో ఇంటిపనికి కుదిరిన అక్క, అందులో చెల్లెలికి ఓడ టికెట్టు పెట్టి పంపేది.