మీకు తెలుసా? కరువు సీమలో గుళ్ల దారి

వాన కోసం మొగులు వైపు చూసే అనంతపురం నేలమీద, తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి దగ్గర మాత్రం ఊట నీరు కనిపిస్తుంది. పెన్న ఒడ్డునున్న ఈ గుడి గోపురాలు పూర్తికాలేదు. అయినా మామూలుగా సాదాగా వదిలేసే అడుగు గోడలను కూడా శిల్పులు అంగుళం ఖాళీ లేకుండా చెక్కేశారు. ఊళ్లోనే చింతల వెంకటరమణస్వామి గుడి, అందులో రాతిరథం.

లేపాక్షి ఇంకో కొస. 2022లో జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది, తాడిపత్రి అనంతపురంలోనే ఉండిపోయింది. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే దారిలోనే పొద్దు గూకుతుంది. హిందూపురం దాకా రైలుంది, అక్కడినుంచి లేపాక్షి దగ్గరే. అచ్యుతరాయల కాలం నాటి వీరభద్రాలయంలో జనమంతా వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగుతుంటారు. నన్నడిగితే ఆ వరస వదిలేసి నాట్యమండపం కప్పు మీది బొమ్మలు చూడాలి; ఆ బొమ్మల్లోని చీరల అంచులు చూస్తే నేత తెలిసినవాళ్లు అంత సులువుగా కదలరు. ఊరి మొదట్లో ఏకశిలా నంది, సుమారు 27 అడుగుల పొడవు.

ఓపికుంటే నొళంబ రాజుల ఒకనాటి రాజధాని హేమావతికి వెళ్లండి. అక్కడ సిద్ధేశ్వరస్వామి లింగరూపంలో కాదు, మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. ఎండాకాలం మాత్రం వద్దు, మిట్టమధ్యాహ్నం బండల మీద చెప్పుల్లేని కాళ్లు బొబ్బలెక్కుతాయి.