ఇరవై మంచాలు, ఒక్క సిస్టరు: లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

మధ్యాహ్నం 2 గంటలు. కొత్తగా ఉద్యోగంలో చేరిన స్టాఫ్ నర్సు మెడికల్ వార్డులో డ్యూటీకి దిగింది. పొద్దుటి సిస్టరు కేస్ షీట్లు అప్పగిస్తుండగానే తొమ్మిదో బెడ్డు నుంచి పిలుపు: "సిస్టరమ్మా, మా నాన్నకి సెలైన్ అయిపోవస్తోంది, చూడండి." పదిహేడో బెడ్డు పక్కనున్న కోడలు, "అత్తమ్మకి షుగర్ చూడలేదు సిస్టర్" అంటోంది. వార్డులో ఉన్నది ఇరవై మంది. సిస్టరు ఒక్కతే.

చాలామంది కొత్త నర్సులు ఇక్కడ తమనే తప్పు పట్టుకుంటారు. "నాకే చేతకావడం లేదేమో" అనుకుంటారు. ఆ మాట పక్కన పెట్టి కాగితం, పెన్ను తీసుకుందాం.

కాగితం మీద 3, మంచం దగ్గర 9

భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలి. బోధనాసుపత్రి కాకపోతే ఐదుగురికి ఒకరు. వినడానికి ఎంతో బాగుంది. అయితే అది మంచాలకు, మొత్తం పోస్టులకు మధ్య ఉన్న లెక్క. ఆ పోస్టులే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి డ్యూటీలకు సర్దుకోవాలి. 30 మంచాల వార్డుకు 10 మంది నర్సులుంటే ఒక్కో డ్యూటీకి వచ్చేది ముగ్గురే. అంటే ఒక్కొక్కరికి 9 లేదా 10 మంది. ఐదుగురికి ఒకరు అన్నచోట అది 15 అవుతుంది. సెలవులకు, వారాంతపు ఆఫ్‌లకు మరో 30 శాతం పోస్టులు అదనంగా ఉండాలని కౌన్సిల్ చెబుతుంది. ఆ అదనం లేకపోయినా, ఉన్న పోస్టులు ఖాళీగా పడి ఉన్నా, 15 కాస్తా 20కి దగ్గర కావడానికి ఒక సిస్టరు ప్రసూతి సెలవు చాలు.

ఆరు గంటల్లో ఎన్ని నిమిషాలు?

మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8 దాకా 360 నిమిషాలు. డ్యూటీ అందుకోవడానికి 20, అప్పగించడానికి 20 తీసేస్తే మిగిలేది 320. ఇరవై మందికి పంచితే మనిషికి 16 నిమిషాలు.

ఇప్పుడు పని వైపు చూద్దాం. బీపీ, నాడి, జ్వరం, శ్వాస, ఆక్సిజన్ చూసి రాయడానికి 5 నిమిషాలనుకుందాం. డ్యూటీలో రెండుసార్లు కాబట్టి 10. మందులు, ఇంజెక్షన్లకు 5. కేస్ షీట్ రాతకు 3. మొత్తం 18. ఉన్నవి 16, కావలసినవి 18. అంటే ఇరవై మంది మీద 40 నిమిషాల లోటు. ఇంకా కొత్త అడ్మిషన్ రాలేదు, పక్క మార్చలేదు, ఎవరికీ వాంతి కాలేదు. 17 మంది దాకా ఈ లెక్క ఎలాగో నిలబడుతుంది, పద్దెనిమిదో మనిషితో తిరగబడుతుంది.

సమానంగా పంచితేనే నష్టం

అందరినీ రెండేసిసార్లు చూడటం న్యాయంగానే కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన 'న్యూస్' స్కోరు మాత్రం ఇంకో దారి చూపిస్తుంది. శ్వాస, ఆక్సిజన్, బీపీ, నాడి, జ్వరం, స్పృహ, ఆక్సిజన్ పెట్టారా లేదా అన్నవాటికి మార్కులు వేసి కూడతారు. మొత్తం సున్నా అయితే 12 గంటలకోసారి చూసినా చాలు. 1 నుంచి 4 అయితే 4–6 గంటలకోసారి. 5 లేదా 6 వస్తే గంటగంటకూ. 7 లేదా అంతకు మించి వస్తే కళ్లు తిప్పకూడదు. పదహారేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఇది వర్తించదు. డాక్టరు రాసిన ఆర్డరు, ఆసుపత్రి పద్ధతి దీనికంటే ముందు.

మన ఇరవై మందిలో ఇద్దరికి 5, ఆరుగురికి 1–4, మిగతా పన్నెండు మందికి సున్నా అనుకుందాం. ఆ ఇద్దరినీ ఆరేసిసార్లు, ఆరుగురిని రెండేసిసార్లు, పన్నెండు మందిని ఒక్కోసారి చూస్తే మొత్తం 36 సార్లు. అందరినీ రెండుసార్లు చూస్తే 40. పని 20 నిమిషాలు తగ్గింది, ప్రమాదంలో ఉన్న ఇద్దరి మీద మూడింతల చూపు పడింది.

ఈ మార్కుల్లో కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసేది శ్వాస. మామూలు వార్డులో దానికి సాధారణంగా మెషీన్ ఉండదు, ఛాతీ వంక చూస్తూ లెక్కపెట్టాలి. నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 25 లేదా అంతకు మించితే ఆ ఒక్కదానికే 3 మార్కులు. మిగతావన్నీ బాగున్నా ఆ మనిషిని గంటగంటకూ చూడాల్సిందే, డాక్టరుకు చెప్పాల్సిందే. చూడకుండా అందరికీ 20 అని రాసేస్తే స్కోరుకే అర్థం లేదు.

సెలైన్ సీసా మీద రాసిన టైము

తొమ్మిదో బెడ్డు దగ్గరికి వెళ్దాం. 500 మిల్లీలీటర్ల సీసా 4 గంటల్లో ఎక్కాలి. మామూలు సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలు. అంటే 10,000 చుక్కలు, 240 నిమిషాలు: నిమిషానికి 42. వాచీ చూస్తూ 15 సెకన్లలో పది పదకొండు చుక్కలు పడితే సరిపోయినట్టే. రెండున్నరకు మొదలైతే ఆరున్నరకు అయిపోతుంది. సీసాకు ప్లాస్టరు ముక్క అంటించి ఆ టైము రాసి, పక్కనున్నవాళ్లకు చూపిస్తే పిలుపులు తగ్గుతాయి. చెయ్యి మడిచినా వేగం మారుతుంది కాబట్టి మధ్యలో ఓ కన్నేసి ఉంచాలి.

పిలుపులు తగ్గించడం సుఖం కోసం కాదు. సిడ్నీలోని రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులు మందులిస్తుంటే గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మధ్యలో అడ్డుపడిన ప్రతిసారీ పొరపాట్లు సుమారు 12 శాతం పెరిగినట్టు తేలింది. సిరంజిలోకి మందు తీస్తున్నప్పుడు ఎవరు పిలిచినా "ఈ ఇంజెక్షన్ ఇచ్చేసి వస్తానండీ" అనడం పొగరు కాదు.

మిగిలిన సగం ఎవరిది?

స్కోరు పెట్టుకుని చూసినా పని 340 నిమిషాలు, చేతిలో ఉన్నది 320. లోటు 40 నుంచి 20కి దిగింది, పోలేదు. నేర్పు పూడ్చగలిగింది సగమే. మిగతా సగం పోస్టులు నింపాల్సినవాళ్లది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, నర్సుకు ఒక్క రోగి పెరిగినా ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది, నర్సు డస్సిపోయే అవకాశం 23 శాతం. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి, 2004 నుంచి జనరల్ వార్డులో నర్సుకు ఆరుగురే అని, తర్వాత ఐదుగురే అని గీత గీసింది. అది పోస్టుల లెక్క కాదు, ఆ డ్యూటీలో మంచం దగ్గర ఉన్న లెక్క.

మనకు అలాంటి గీత వచ్చేదాకా కొత్త సిస్టరు చేతిలో ఉన్నది అంకెలతో చెప్పడం. ఇన్‌ఛార్జి సిస్టరుతో "చాలా కష్టంగా ఉందండీ" అంటే సర్దుకోమనే జవాబొస్తుంది. "ఇరవై మంది ఉన్నారు మేడమ్, ఇద్దరికి స్కోరు 5, ఇద్దరు కొత్త అడ్మిషన్లు వచ్చారు, ఆరింటి ఇంజెక్షన్లు నలుగురికి ఇంకా ఇవ్వలేదు" అంటే పక్క వార్డు నుంచి ఒకరిని పంపడానికి ఆవిడకూ ఆధారం దొరుకుతుంది. ఎనిమిదింటికి నైట్ సిస్టరుకు అప్పగించేటప్పుడూ అంతే. ఒకటో బెడ్డు నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. ముందు ఆ ఇద్దరు, తర్వాత మిగతా పద్దెనిమిది.